పెరటి చెట్టుకు తల నరికించడమా, కొమ్మలు పలచన చేయడమా?

ఇచ్ఛాపురం, పలాస మొదలుకొని అటు బరంపురం, పర్లాకిమిడి దాకా, పెరట్లో పెద్ద చెట్టున్నవాళ్లకి వానాకాలం ముదిరేకొద్దీ ఒకటే బెంగ. ఈసారి తుఫానొస్తే ఈ మామిడి ఇంటి మీద పడదు కదా? బెంగ ఊరికే పుట్టింది కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ భయంతోనే చాలామంది కత్తి మనిషిని పిలిచి చెట్టు తల నరికించేస్తారు. రెండో దారి, కొమ్మల్ని ఎంచి తీసి చెట్టుని పలచన చేయడం.

తల నరికిస్తే మొదటి ఏడాది చెట్టు గాలికి తక్కువ ఊగుతుంది, ఆ మాట నిజమే. తంటా తర్వాత మొదలవుతుంది. లావు కొమ్మని నడిమధ్య నరికితే, మోడు చుట్టూ బెరడు కింద ఉన్న మొగ్గలన్నీ ఒక్కసారి లేచి గుత్తులుగా, నిటారుగా చిగురిస్తాయి. మామూలు కొమ్మ చిన్నప్పటినుంచీ మానులో పొర మీద పొర పాతుకుని పెరుగుతుంది. ఈ చిగుళ్లకి ఆ పాదు ఉండదు, పైపొరని పట్టుకుని ఉంటాయంతే. రెండు మూడేళ్లలో మళ్లీ పాత ఎత్తుకే వస్తాయి. ఈలోగా మోడు కోత పూడుకోక, వాన నీరు దిగి లోపల కుళ్లుతుంది. పైన ఆకు బరువు, కింద పుచ్చిన పట్టు. ఆ తర్వాత వచ్చే తుఫానుకి విరిగి పడేవి ఈ కొమ్మలే. పైగా మామిడికి పూత రెమ్మల చివర్లలో వస్తుంది కాబట్టి, తల పోతే కాపూ పోతుంది.

పలచన చేసిన చెట్టు ఎత్తు పెద్దగా తగ్గదు, అందుకే చూసినవాళ్లకి పని జరిగినట్టే అనిపించదు. కానీ గుబురు తెరచాపలా గాలిని ఆపకుండా, ఆకుల సందుల్లోంచి పోనిస్తుంది. ముందు ఎండినవి, చీలినవి, పుచ్చినవి తీయాలి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే వాటిలో బలహీనమైనది, ఆపైన గుబురు నడుమ నిటారుగా లేచినవి, చివరికి ఇంటి కప్పు మీదికి వాలినవి. ఒక ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతు మించి తీయకూడదు. ఎత్తు తగ్గించక తప్పకపోతే, తీసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉన్న పక్క కొమ్మ దగ్గరికి కోయాలి. అప్పుడు ఆ పక్క కొమ్మే కొత్త కొస అవుతుంది. మామిడి, పనస, జీడి, వేప, వీటిలో దేనికైనా మా ఓటు పలచన చేయడానికే.

మునగ సంగతి వేరు. దాని కర్ర పెళుసు, చిగురు జోరు. కాపయ్యాక నేల నుంచి మీటరు ఎత్తులో నరికేసినా తిరిగి కాస్తుంది. కొబ్బరికి మాత్రం మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత మొగ్గ, ఒక్కటే ప్రాణం, అది తెగితే చెట్టు చచ్చినట్టే. ఎండిన మట్టలు తీయండి. గాలి భయంతో పచ్చి మట్టలు మొదలంటా నరికితే ఆ పచ్చి గాయం వాసనకి ఎర్ర ముక్కు పురుగు చేరుతుంది. తీయక తప్పకపోతే మట్ట మొదలు మీటరుకి పైగా వదిలి కోయాలి.

మామిడికి కాయ దిగిన వెంటనే, అంటే జూన్ చివర, జూలైలో, వాన తెరిపి ఇచ్చిన రోజున చేయడం మంచిది. ఆగస్టు దాటి కోస్తే లేత చిగురు పూత వేళకి ముదరదు. అప్పుడు ఎండు కొమ్మలు, కప్పు మీద ప్రమాదంగా వాలినవి తీసి ఊరుకోవాలి.

కత్తా, రంపమా అంటే బొటనవేలి లావు వరకు కత్తెర, ఆపైన వంపు రంపం. కత్తి దెబ్బకి కర్ర చీలుతుంది, కోత నున్నగా రాదు.

బరువైన కొమ్మని ఒకే కోతతో తీస్తే సగంలో ఒరిగి, మాను బెరడుని కిందిదాకా చీల్చుకుంటూ పోతుంది. అందుకే మూడు కోతలు. మానుకి అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడో వంతు లోతు ఒకటి. దానికి రెండు అంగుళాలు అవతల పైనుంచి రెండోది, దీంతో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడుని మూడో కోతతో తీయాలి. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఒక ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బుని కోయకుండా దాని అంచునే రంపం ఆడించాలి. గాయాన్ని పూడ్చే కండ అదే. కింద ఇల్లో, గోడో ఉంటే ముందే పైకొమ్మ పంగ మీదుగా మోకు వేసి, కొమ్మకి కట్టి, మెల్లగా దించాలి.

నిచ్చెన తలని మానుకి కట్టాలి, కోసే కొమ్మకి కాదు. బరువు పోగానే కొమ్మ ఎగిరి నిచ్చెనని తన్నేస్తుంది. మిషన్ రంపం నిచ్చెన మీద పట్టుకోనే కూడదు. ఎక్కే ముందు ఆకులు కుట్టిన ఎర్ర చీమల గూళ్లు, కందిరీగల తుట్టెలు చూసుకోవాలి. పైన ఒకటి కుట్టిందంటే చేయి పట్టు వదిలేస్తుంది. కరెంటు తీగలకి పది అడుగుల లోపు కొమ్మ ఉంటే దోటితో సహా ఏదీ ఎత్తొద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి, లైను ఆపించాకే పని.

మామిడి, జీడిలో బొటనవేలి కన్నా లావు కోతలకి వానాకాలంలో బోర్డో పేస్టు, అంటే తెగులు పట్టకుండా కాపాడే మైలుతుత్తం, సున్నం ముద్ద, పూయడం మేలు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కలిపి, రెండూ ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు, తుత్తం ఇనుముని తినేస్తుంది. కలిపిన రోజే పూసేయాలి, నిలవ ఉంచితే పని చేయదు.