సైటోకైన్ గ్రాహకాల సంకేత ప్రసారంపై ఒక వీడియో పాఠ్యక్రమం: సమీక్ష

కణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి వాడే సైటోకైన్ ప్రొటీన్లను అందుకునే గ్రాహకాలు ఆ కబురును కణం లోపలికి ఎలా చేరవేస్తాయో వివరించే ఈ ఆన్‌లైన్ పాఠ్యక్రమాన్ని, డిగ్రీ స్థాయిలో జీవశాస్త్రం చదివినవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే సంకేతం ఆగిపోయే తీరు గురించి చెప్పిన భాగం మాత్రం నన్ను నిరాశపరిచింది.

జాక్, స్టాట్ అనే ప్రొటీన్ల ద్వారా సంకేతం సాగే జాక్-స్టాట్ మార్గాన్ని బోధించిన పద్ధతి ఎంతో మెచ్చుకోదగినది. ఈ మార్గాన్ని వాడే గ్రాహకాలకు సొంత ఎంజైమ్ శక్తి లేదని, అందుకే అవి తమ లోపలి కొసను అంటిపెట్టుకుని ఉండే జాక్ కైనేజుల (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటును చేర్చే ఎంజైముల) మీద ఆధారపడతాయని మొదటే స్పష్టం చేస్తారు. సైటోకైన్ వచ్చి కూడగానే జాక్‌లు పరస్పరం ఉత్తేజితమై గ్రాహకపు తోకలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేటును చేర్చడం, ఆ ఫాస్ఫేటును గుర్తుపట్టి వచ్చిన స్టాట్ ప్రొటీన్లు తామూ ఫాస్ఫేటు పొంది జంటలుగా కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల పనిని మార్చడం, ఇవన్నీ ఒక్క మెట్టూ దాటవేయకుండా చెబుతారు. అంతకన్నా ముఖ్యంగా, ఏ మెట్టు చెడితే ఏ జబ్బు వస్తుందో అక్కడికక్కడే చూపిస్తారు. ఇంటర్‌ల్యూకిన్లు అనే సైటోకైన్లలో 2, 4, 7, 9, 15, 21ల గ్రాహకాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే గామా గొలుసు అనే ప్రొటీన్ భాగం లోపించినా, దాన్ని అంటిపెట్టుకుని ఉండే జాక్3 లోపించినా, పసిబిడ్డలో దాదాపు ఒకే రకమైన తీవ్ర రోగనిరోధక లోపం కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే దారిలోని మెట్లని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. జాక్2లో 617వ స్థానంలోని వాలీన్ అనే అమైనో ఆమ్లం ఫినైల్అలనీన్‌గా మారితే ఎర్ర రక్తకణాలు మితిమీరి పెరుగుతాయని 2005లో వెల్లడైన సంగతినీ ఇదే క్రమంలో చక్కగా వివరించారు.

ఇక సంకేతాన్ని అణచే సాక్స్ ప్రొటీన్లను చివరి పాఠంలో హడావిడిగా ముగించారు. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-10 రెండూ స్టాట్3నే ఉత్తేజపరుస్తాయి. అయినా మొదటిది వాపును పెంచగలదు, రెండోది తగ్గిస్తుంది. సాక్స్3 మొదటిదాని గ్రాహకాన్ని పట్టి సంకేతాన్ని కుదిస్తుంది, రెండోదాన్ని ముట్టుకోదు. సంకేతం ఎంతసేపు నిలిచిందన్నది ఫలితాన్నే మార్చేస్తుందన్నమాట. ఇంత అందమైన విషయానికి ఒక పూర్తి పాఠం కేటాయించవలసింది.

టీఎన్ఎఫ్ అనే మరో సైటోకైన్, ఇంటర్‌ల్యూకిన్-1 వీటి గ్రాహకాలు జాక్‌లతో పనిలేకుండా అడాప్టర్ (మధ్యవర్తి) ప్రొటీన్ల ద్వారా, జన్యువుల పనిని మార్చే ఎన్ఎఫ్-కప్పాబీ అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతాయని ఒకే స్లైడులో చెప్పి వదిలేశారు. వాటి కోసమే చేరదలచినవారు మరో పాఠ్యక్రమాన్ని ఎంచుకోవడం మంచిది.