మందిరం ఎవరిది? ఉండిపోవడం, మర్యాదగా విడిపోవడం, కోర్టుకెక్కడం: ఏది మేలు?

అమెరికాలో మేం ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుపుకున్న మందిరం ఒక ప్రెస్బిటేరియన్ (సంఘ పెద్దల సభల పాలనలో నడిచే ప్రొటెస్టెంట్ శాఖ) సంఘానిది. ఉదయం వాళ్లది, మధ్యాహ్నం మాది, వంటగది ఉమ్మడి. ఒక ఆదివారం మేం పులిహోర, కోడికూర గిన్నెలు పట్టుకుని వెళ్లేసరికి ఒక పెద్దావిడ అల్మారాలు తెరిచి గాజు పళ్లేలు ఒక్కొక్కటీ తిరగేసి చూస్తున్నారు. పళ్లెం అడుగున టేపు అతికించి ఇంటిపేరు రాయడం అక్కడి చర్చి వంటగదుల్లో అలవాటు, మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టే. ఆవిడ తన పేరున్న రెండు పళ్లేలు వెతికి తీసి సంచిలో పెట్టుకున్నారు. అంతకు ముందు వారమే ఆ సంఘం తాము చేరి ఉన్న శాఖను, అంటే డినామినేషన్‌ను వదిలిపోవాలని ఓటేసింది. ఆవిడ వద్దన్నవాళ్లలో ఒకరు. "నలభై ఏళ్లు ఇక్కడే వండాను" అన్నారు, ఇంకేమీ అనలేదు.

అప్పటి నుంచి ఇలాంటి విడిపోవడాల గురించి ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే. ఓటులో ఓడిపోయినవాళ్లు వచ్చే ఆదివారం ఎక్కడ కూర్చుంటారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. అంతర్యుద్ధం నాటి నుంచి వేరుగా ఉన్న ఉత్తరాది, దక్షిణాది ప్రెస్బిటేరియన్లు 1983లో అట్లాంటాలో కలిసిపోయారు. అలా పుట్టిందే ప్రెస్బిటేరియన్ చర్చ్ (యూఎస్‌ఏ), పొట్టిగా పీసీయూఎస్‌ఏ. అప్పుడు సభ్యులు 30 లక్షల పైచిలుకు, 2023 చివరికి 11 లక్షల లోపు. ఈ తరుగుదలకు వయసు మళ్లడం, పిల్లలు చర్చికి రాకపోవడం పెద్ద కారణాలే. కానీ సంఘాలకు సంఘాలే వెళ్లిపోయింది మాత్రం ముఖ్యంగా 2011 తర్వాత. ఆ ఏడాది స్వలింగ సంబంధాల్లో ఉన్నవారికి కూడా పాస్టర్లుగా, సంఘ పెద్దలుగా అభిషేకం ఇచ్చే వీలు కల్పించారు. 2015లో వివాహ నిర్వచనాన్ని స్వలింగ జంటలకూ వర్తించేలా మార్చారు. దాన్ని లేఖనానికి విరుద్ధమని నమ్మినవాళ్లు ఉన్నారు, ఆలస్యంగానైనా న్యాయం జరిగిందన్నవాళ్లూ ఉన్నారు. ఇరువైపులా మనస్సాక్షితో మాట్లాడినవాళ్లను నేను చూశాను కాబట్టి ఆ వాదన ఇక్కడ తేల్చబోవడం లేదు. విడిపోవాలనుకున్నాక ఏ దారి మేలో చూద్దాం.

ముందు ఒక అపోహ

చాలామంది "మేం ఓటేశాం, వెళ్లిపోతాం" అనుకుంటారు. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో అలా కుదరదు. సంఘానికి పైన ఆ ప్రాంతపు సంఘాలన్నీ కలిసిన ప్రెస్బిటరీ ఉంటుంది. పాస్టరు సంఘంలో సభ్యుడు కూడా కాదు, ప్రెస్బిటరీ సభ్యుడు. సంఘాన్ని సాగనంపే అధికారం ప్రెస్బిటరీదే, అదీ ఇదే సంప్రదాయానికి చెందిన మరో రిఫార్మ్‌డ్ శాఖకే పంపాలి. సంఘం వేసే ఓటు ఒక విన్నపం మాత్రమే.

ఆస్తి సంగతి ఇంకా చిక్కు. మందిరం ఎవరి పేరున ఉన్నా అది డినామినేషన్ కోసం ట్రస్టుగా ఉన్నట్టే అని వాళ్ల నియమావళిలో ఉంది. ఈ నిబంధన వెనుక ఒక కేసు ఉంది. 1973లో జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వైన్‌విల్ ప్రెస్బిటేరియన్ చర్చిలో 164 మంది వెళ్లిపోదామని, 94 మంది వద్దని ఓటేశారు. ప్రెస్బిటరీ ఆ 94 మందినే అసలు సంఘంగా గుర్తించింది. 1979లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పు చెబుతూ, కోర్టులు దస్తావేజులు, చట్టాలు చూసి తేల్చవచ్చనీ, డినామినేషన్లకు ఆస్తి కావాలంటే ఆ మాట ముందే తమ నియమావళిలో స్పష్టంగా రాసుకోవచ్చనీ అంది. ఆ తర్వాత రాసుకున్నారు.

మన సి.ఎస్‌.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఊరివాళ్లు కూలి డబ్బుల్లోంచి కానుకలు వేసి కట్టుకున్న మందిరానికి కూడా చాలాచోట్ల కాగితాల మీద పేరు సి.ఎస్‌.ఐ. ట్రస్ట్ అసోసియేషన్‌ది.

కోర్టు దారి

ఇది మేలు కాదని మొదటే చెప్పేస్తాను. కోర్టుకు వెళ్లినవాళ్లంతా ఓడిపోయారని కాదు. మిస్సోరీలో 2012లో గ్యాష్‌ల్యాండ్ సంఘం గెలిచింది. అదే ఏడాది ఓరెగాన్ సుప్రీంకోర్టు రోగ్ రివర్ సంఘం కేసులో డినామినేషన్ వైపు తీర్పు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది జార్జియాలో టింబర్‌రిడ్జ్ సంఘం ఓడింది. నిబంధన అదే, రాష్ట్రం మారితే ఫలితం మారింది. ఒక రాష్ట్రంలో జడ్జి దస్తావేజు చూస్తారు, ఇంకోచోట నియమావళి చూస్తారు. అలాంటి జూదంలో కానుకల డబ్బు లాయర్ల ఫీజులకు పోయడం నాకు మింగుడుపడదు.

ఓక్లహామాలోని టల్సాలో కర్క్ ఆఫ్ ది హిల్స్ అనే పెద్ద సంఘం 2006లో వెళ్లిపోతున్నామని ప్రకటించింది. 2008లో కోర్టు భవనం ప్రెస్బిటరీదే అంది. చివరికి ఆ సంఘం తాము ఆరాధిస్తున్న మందిరాన్నే 17.5 లక్షల డాలర్లు ఇచ్చి నిలుపుకుంది. అంటే కోర్టు తర్వాత కూడా కూర్చుని బేరం ఆడక తప్పలేదు. ఆ కూర్చోవడమేదో ముందే అయ్యుంటే రెండేళ్ల టెన్షన్ తప్పేది.

డాలస్‌లోని హైల్యాండ్ పార్క్ కథ కూడా ఇంతే. 2013లో 89 శాతం మంది వెళ్లిపోదామన్నారు, సంఘం గ్రేస్ ప్రెస్బిటరీ మీద కేసు వేసింది, 2014లో 78 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మర్యాదగా సాగనంపడం

2008లో డినామినేషన్ జాతీయ సభ అయిన జనరల్ అసెంబ్లీ ప్రెస్బిటరీలకు ఒక సలహా ఇచ్చింది. వెళ్తామన్న సంఘాలతో పోట్లాటకు దిగకండి, దయగా, కాపరి మనసుతో, దాపరికం లేకుండా మాట్లాడండి అని. దాంతో చాలా ప్రెస్బిటరీలు తమ విధానాలు రాసుకున్నాయి. ప్రెస్బిటరీ నుంచి కొందరు, సంఘం నుంచి కొందరు కూర్చుని నెలల తరబడి మాట్లాడతారు, తర్వాత సంఘం ఓటు, ఆపైన ప్రెస్బిటరీ ఓటు. ఎంత శాతం రావాలి, ఎంతమంది హాజరు కావాలి అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ సంఘం 2014లో ఈ దారినే వెళ్లింది. 93 శాతం అనుకూలం, శాన్ ఫ్రాన్సిస్కో ప్రెస్బిటరీకి 88.9 లక్షల డాలర్లు. హైల్యాండ్ పార్క్ ఇచ్చినదానికన్నా ఎక్కువే. డబ్బు ఒక్కటే చూస్తే సాగనంపడం చవక కాదన్నమాట. కానీ ఇక్కడ ఇచ్చిన డబ్బు ఆ ప్రాంతంలోని చర్చి పనికి వెళ్లింది, ఎదుటి పక్షాన్ని కోర్టులో ఓడించడానికి కాదు.

అయినా ఈ దారిలో నాకు నచ్చనిది ఒకటుంది. అదే ప్రెస్బిటరీ పరిధిలోని డాన్‌విల్ సంఘాన్ని సాగనంపినప్పుడు కొందరు అభ్యంతరం చెప్పారు. 2012లో డినామినేషన్ అత్యున్నత న్యాయ కమిషన్, ఆస్తిలో డినామినేషన్‌కున్న ప్రయోజనాన్ని ప్రెస్బిటరీ సరిగా లెక్కలోకి తీసుకోలేదని తప్పుపట్టింది. ప్రతి సంఘం ఆస్తినీ విడిగా విలువ కట్టి చూడాలంది. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దాని ఫలితం ఏమిటంటే, ప్రార్థనతో మొదలవ్వాల్సిన మాటలు మార్కెట్ రేటుతో మొదలవుతాయి. సిలికాన్ వ్యాలీలో స్థలానికి ధర ఉంది, కొనేవాళ్లున్నారు. ముప్పై మంది ముసలివాళ్లు మిగిలిన పల్లెటూరి మందిరాన్ని ఎవరు కొంటారు? తాళం వేసుకుంటే ప్రెస్బిటరీకి మిగిలేది ఇన్సూరెన్సు కట్టడం, పైకప్పు బాగు చేయించడం. అలాంటి సంఘాల దగ్గర నామమాత్రం తీసుకుని వదిలేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. పెద్ద సంఘం మాత్రం తగినంత ఇవ్వాలి, ఎందుకంటే ఇన్నాళ్లూ దాని వాటాతో నడిచిన బీద సంఘాలు వెనకాల ఉంటాయి.

ఉండిపోవడం

దీన్ని పిరికితనం అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. 2015 మార్పులోనే ఏ పాస్టరునూ తన నమ్మకానికి విరుద్ధంగా పెళ్లి జరిపించమని బలవంతపెట్టకూడదనీ, మందిరంలో ఆ పెళ్లికి చోటివ్వాలో వద్దో ఆ సంఘ పెద్దలే నిర్ణయించుకోవచ్చనీ ఉంది. అంటే పెళ్లిళ్ల విషయంలో స్థానిక సంఘం తన ఆచరణ మార్చుకోవాల్సిన అవసరం లేదు. భరించలేనిది డినామినేషన్ పేరు మోయడం. అది కొందరికి చిన్న విషయం, కొందరికి ప్రాణసంకటం.

ఓట్లు దగ్గరదగ్గరగా చీలే చోట ఉండిపోవడమే మేలు. హ్యూస్టన్ ఫస్ట్ ప్రెస్బిటేరియన్‌లో 2014లో అవసరమైన మూడింట రెండొంతులకు 36 ఓట్లు తక్కువయ్యాయి. ఎక్కువమంది వెళ్దామనే అన్నారు, వెళ్లలేకపోయారు. తర్వాత ఆ సంఘం కోర్టుకు వెళ్లింది, చివరికి విడిపోయింది కూడా. నేనైతే ఆ 36 ఓట్ల తేడాను సంఘం ఇంకా సిద్ధంగా లేదన్న కబురుగానే చదివేవాణ్ని.

వెళ్లాలనుకుంటే ఎక్కడికన్నది కూడా చూసుకోవాలి. 1973లో పుట్టిన పీసీఏ (ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా) శాఖలో స్త్రీలకు అభిషేకం లేదు. 1981 నాటి ఈపీసీ (ఎవాంజెలికల్ ప్రెస్బిటేరియన్ చర్చ్) సంఘ పెద్దల విషయంలో ఆ నిర్ణయం సంఘానికే వదిలేసింది. 2012లో మొదలైన ఎకో అనే శాఖ స్త్రీల అభిషేకాన్ని సమర్థిస్తుంది. మూడింటిలోనూ ఆస్తి స్థానిక సంఘానిదే. స్త్రీలు పెద్దలుగా ఉన్న సంఘం కోపంలో పీసీఏకి వెళ్తే, ఆ పెద్దలను ఇంట్లో కూర్చోబెట్టినట్టే. ఒక గొడవ తీర్చుకోబోయి ఇంకో గాయం చేయడం.

నా తూకం

పది మందిలో తొమ్మిది మంది ఒక మాట మీదుంటే, ప్రెస్బిటరీతో కూర్చుని, ఇవ్వగలిగింది ఇచ్చి, సాగనంపించుకోవాలి. ఆరుగురే ఉంటే ఆగాలి. ఆగలేనివాళ్లు భవనం వదిలి బయటికొచ్చి ఏ స్కూలు హాల్లోనో మొదలుపెట్టడం కోర్టుకన్నా వెయ్యి రెట్లు నయం. ఈ నాలుగో దారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అద్దె హాళ్లలో ఏళ్లతరబడి పాటలు పాడిన తెలుగు సంఘాలవాళ్లం, అది బతకగలిగే దారేనని మాకు తెలుసు.

ప్రెస్బిటరీ వైపు నుంచి నేను కోరేది, ఒప్పందంలో మిగిలిపోయేవాళ్ల కోసం ఒక పేరా. ఎంత డబ్బు, ఎన్ని వాయిదాలు అని పేజీలు రాస్తారు. వద్దని ఓటేసిన ఇరవై ముప్పై మందిని దగ్గర్లోని ఏ సంఘం చేర్చుకుంటుంది, వాళ్లను ఎవరు వెళ్లి పలకరిస్తారు, వాళ్ల తల్లిదండ్రుల పేరున ఉన్న బల్లల మాటేమిటి అన్నది రాయరు.

మా తెలుగు సంఘం ఇప్పుడు సొంత మందిరం కోసం డబ్బు కూడబెడుతోంది, నియమాలు రాసుకుంటున్నాం. విడిపోతే ఏం చేయాలో ముందే రాద్దామని నేనంటే కమిటీలో ఒక పెద్దాయన, "ఇల్లు కట్టకముందే వాటాలేంటి బ్రదర్?" అన్నారు. నాకా పళ్లేలు గుర్తొచ్చాయి. నేను రాసిన వాక్యం వచ్చే నెల ఓటుకు వస్తుంది: సంఘం విడిపోతే, తక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం ఒక పూట మందిరమూ వంటగదీ ఇవ్వాలి, అద్దె లేకుండా.