జాగ్రత్త: 1969 కమారో జెడ్/28కి అడ్వాన్స్ పంపేముందు ఇంజిన్ బ్లాక్ మీద తేదీ చూడండి

అమెరికాలో ఉంటూ పాత మజిల్ కారు కొనాలని తిరుగుతున్న మనవాళ్లు ఈమధ్య బాగానే కనబడుతున్నారు. అందులో 1969 షెవర్లే కమారో జెడ్/28 మీద కన్ను పడినవాళ్లకే ఈ పోస్ట్. ప్రకటనలో "నంబర్స్ మ్యాచింగ్" (అంటే ఇంజిన్ బండి పుట్టినప్పటిదే, నంబర్లు కలుస్తాయి) అనీ, "అప్పట్లో ట్రాన్స్-యామ్ రేసుల్లో పరిగెత్తిన బండి" అనీ రెండూ కలిపి రాసి ఉంటే, సొంతంగా మనిషిని పంపి చూపించుకోకుండా ఒక్క డాలర్ కూడా కదపకండి. నా అడ్వాన్స్ పోయింది. బండి మాత్రం ఇంకా మార్కెట్లోనే ఉంది.

అమ్మింది వేరే రాష్ట్రంలో పాత కార్ల వ్యాపారం చేసే షాపు. పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడుస్తోంది. ఫోటోలు అదిరిపోయాయి. నీలం రంగు, బానెట్ మీద రెండు వెడల్పాటి తెల్ల పట్టీలు, డోర్ మీద చెరిగిపోయినట్టున్న రేసు నంబర్. మొదటి ఓనర్ రేసుల్లో నడిపాడనీ, తర్వాత ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉందనీ, ఇంజిన్ మాత్రం పుట్టినప్పటిదేననీ చెప్పారు. ఇంకో పార్టీ రేపు డబ్బు వేస్తానంటోంది, మీరు ఇవాళే కొంత పంపితే బండి పక్కన పెడతాం అన్నారు. హైదరాబాద్‌లో ప్లాట్లు అమ్మేవాళ్లు చెప్పే మాటే ఇది, యాస ఒక్కటే తేడా.

ఈ బండికి అంత ధర ఎందుకో తెలిస్తే మోసం ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. 1966లో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) అనే సంస్థ ట్రాన్స్-యామ్ రేసులు మొదలుపెట్టింది. పెద్ద తరగతిలో ఇంజిన్ 305 క్యూబిక్ అంగుళాలు, అంటే 5 లీటర్లు, దాటకూడదు. షెవర్లే దగ్గరున్న 283 ఇంజిన్ ఆ పోటీకి చాలదు, 327 హద్దు దాటిపోతుంది. షెవర్లేలో పనిచేసే విన్స్ పిగ్గిన్స్ బృందం 327 కొలతల బ్లాకులో 283 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న క్రాంక్ పెట్టి 302 తయారు చేసింది. 4 అంగుళాల బోర్ (సిలిండర్ వెడల్పు), 3 అంగుళాల స్ట్రోక్. అదే జెడ్/28. పేపర్ మీద 290 హార్స్‌పవర్ అని రాశారు గానీ, అసలు శక్తి అంతకంటే ఎక్కువేనని అప్పట్లోనే అందరికీ తెలుసు. జనానికి అమ్మిన కారుతోనే రేసులో దిగాలన్నది నిబంధన కాబట్టి షోరూముల్లోకి వచ్చింది. ఏసీ లేదు, ఆటోమేటిక్ గేర్ లేదు. 1967లో అమ్మింది 602 కార్లే. 1968లో రోజర్ పెన్‌స్కీ టీమ్ తరఫున మార్క్ డొనహ్యూ 13 రేసుల్లో 10 గెలిచేసరికి కథ మారిపోయింది. ఆ ఏడాదీ, 1969లోనూ చాంపియన్‌షిప్ షెవర్లేదే. 1969 మోడల్‌లో జెడ్/28లు 20,302 అమ్ముడయ్యాయి.

ఆ పెన్‌స్కీ టీమే బరువు తగ్గించడానికి కారు బాడీని యాసిడ్‌లో ముంచిందన్నది రేసింగ్ అభిమానులు ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకునే సంగతి. 1969 రేసు కార్లకు వినైల్ టాప్ తొడిగింది పల్చబడ్డ రేకు ముడతలు కనబడకుండానేనట. రేసులో అలాంటి తెలివితేటలు చదివి నవ్వుకుంటాం. మన డబ్బు దగ్గరికి వచ్చేసరికి నవ్వు రాదు.

ఆ ఏడాది తయారైన కమారోలు మొత్తం 2,43,000 పైమాటే. అంటే జెడ్/28 కాని మామూలు కమారోలే చాలా ఎక్కువ. పట్టీలు వేసి, స్పాయిలర్ బిగించి, బ్యాడ్జీలు అతికిస్తే మామూలు బండి కూడా చూపులకు జెడ్/28 అయిపోతుంది. విడిభాగాలన్నీ కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. క్లోన్ అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు, చక్కగా కొనుక్కుని సరదాగా నడుపుకోవచ్చు. అసలుదని చెప్పి అసలుదాని ధర లాగినప్పుడే గొడవ. తేడా పదుల వేల డాలర్లలో ఉంటుంది.

విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చూస్తే తెలిసిపోదా అని నన్ను చాలామంది అడిగారు. తెలియదు. 1969 కమారో విన్ 12437తో మొదలైతే వీ8 కూపే, 12337 అయితే ఆరు సిలిండర్ల కూపే. అంతవరకే. ఆ వీ8 మామూలు 307నో, రేసు 302నో అందులో ఉండదు. మనం కామ్రీ కొనేటప్పుడు అలవాటుగా లాగే కార్‌ఫ్యాక్స్ (బండి చరిత్ర రిపోర్ట్) కూడా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే 17 అక్షరాల విన్ పద్ధతి 1981 మోడళ్లతోనే వచ్చింది. పోనీ కంపెనీని అడుగుదామంటే, అమెరికాలో అమ్మిన కమారోల్లో ఏది ఏ ఆప్షన్లతో వెళ్లిందో చెప్పే రికార్డు జనరల్ మోటార్స్ దగ్గర లేదు. కెనడాలో అమ్మినవాటికి అక్కడి జీఎం దగ్గర దొరుకుతుంది.

నేనుండేది సిన్సినాటీ దగ్గర. 1987లో మూసేసిన నార్‌వుడ్ ప్లాంట్ ఈ ఊళ్లోనే ఉండేది. అక్కడ 1968 డిసెంబర్ మధ్య నుంచి తయారైన కమారోల ట్రిమ్ ట్యాగ్ (బండి వివరాలు కొట్టిన రేకు) మీద ఒక ఎక్స్ కోడ్ కొట్టేవాళ్లు. ఎక్స్33 లేదా ఎక్స్77 ఉంటే జెడ్/28. లాస్ ఏంజెలెస్ ప్లాంట్ ట్యాగుల మీద ఆ కోడ్ లేదు. షాపువాళ్లు నాకు పంపిన ఫోటోలో ఎక్స్33 స్పష్టంగా ఉంది, దాంతోనే నమ్మకం కుదిరింది. కానీ ట్యాగ్ అంటే ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు గోడకి) రెండు రివెట్లతో బిగించిన చిన్న రేకు ముక్క. కావలసిన కోడ్‌తో కొత్తది కొట్టించుకోవచ్చు.

అడ్వాన్స్ పంపాక, మిగతా డబ్బు కట్టకముందు, ఆ ఊరి దగ్గరే మొదటి తరం కమారోలు బాగా తెలిసిన ఒక పెద్దాయనను ఫీజు ఇచ్చి పంపాను. ఆయన మొదట ఆల్టర్నేటర్ వెనక్కి చూశాడు. ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ ముందు, బ్లాక్ మీద వేలెడంత చదునైన చోటు ఉంటుంది. ఇంజిన్ కోడూ, విన్‌లోని చివరి అంకెలూ గుద్దేది అక్కడే. ఫ్యాక్టరీలో ఆ ఉపరితలాన్ని చెక్కినప్పుడు ముందు నుంచి వెనక్కి సన్నటి గీతలు పడతాయి. ఈ బండిలో ఆ చోటు అద్దంలా నున్నగా ఉంది. దాని మీద వీ0308డీజెడ్ అని ఉంది. వీ అంటే ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్, 0308 అంటే మార్చి 8, డీజెడ్ అంటే 1969 జెడ్/28 ఇంజిన్. అంతా పద్ధతిగానే ఉంది.

తర్వాత ఆయన బండి కిందికి దూరి, బ్లాక్ వెనక గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర మురికి తుడిచి ఇంకో ఫోటో పంపాడు. అక్కడ పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన తేదీ: డి 18 9. ఏ జనవరి, బి ఫిబ్రవరి, అలా డి ఏప్రిల్. 1969 ఏప్రిల్ 18న పోత పోసిన బ్లాక్ అది. మార్చి 8న బిగించిన ఇంజిన్‌కి బ్లాక్ ఏప్రిల్ 18న పోశారన్నమాట! ట్రిమ్ ట్యాగ్ మీద బాడీ తేదీ 03బి, అంటే మార్చి రెండో వారం. బండి తయారై బయటికి వెళ్లేనాటికి ఆ బ్లాక్ ఇంకా ఇనుప ముద్దే.

ఫోన్ చేస్తే షాపువాళ్లు తడుముకోలేదు. ఇంజిన్ ఓవరాయిలింగ్‌లో పైభాగం చెక్కించారు, అందుకే గీతలు పోయాయి అన్నారు. సరే, చెక్కిస్తే గీతలతో పాటు పాత నంబర్ కూడా పోవాలి కదా, ఇది ఎలా మిగిలింది? సమాధానం లేదు. పోత తేదీ సంగతి అడిగితే, బండి ఎలా ఉందో అలాగే అమ్ముతున్నాం, సంతకం పెట్టిన కాగితం చదువుకోండి అన్నారు. చదివాను. అడ్వాన్స్ నాన్-రిఫండబుల్ అని అందులో ఉంది. కానీ నంబర్స్ మ్యాచింగ్ అన్న మాట ప్రకటనలో తప్ప ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇక రేసు చరిత్ర. నాకు చూపించింది డోర్ మీద అంకె, ఎవరో పెద్దాయన చెప్పిన ముచ్చట, ఏ కారుదో తెలియని ఒక నలుపు-తెలుపు ఫోటో. నిజంగా ఎస్‌సీసీఏలో పరిగెత్తిన కారుకు లాగ్‌బుక్ ఉండాలి. రోల్‌కేజ్ (డ్రైవర్‌ని కాపాడే ఇనుప పైపుల చట్రం) బిగించిన చోట నేల రేకు మీద వెల్డింగ్ మచ్చలైనా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, రేసులో 302ని నిర్దాక్షిణ్యంగా 7,000 ఆర్‌పీఎంకి తోలేవాళ్లు. ఇంజిన్లు పేలిపోయేవి, మార్చేసేవాళ్లు. నిజమైన రేసు కారులో పుట్టినప్పటి ఇంజిన్ మిగలడం చాలా అరుదు. రేసు కథ నిజమైతే ఇంజిన్ కథ మీద అనుమానం రావాలి, ఇంజిన్ కథ నిజమైతే రేసు కథ మీద రావాలి. అమ్మేవాడు రెండిటికీ విడివిడిగా ధర కడుతున్నాడు.

చూడటానికి మనిషిని పంపితే పైన చెప్పినవాటితో పాటు ఇంకోటి అడగండి. హీటర్ బాక్స్ వెనక ఫైర్‌వాల్ మీద విన్‌లో కొంత భాగం గుద్ది ఉంటుంది. బాక్స్ విప్పితే గానీ కనబడదు. అది డ్యాష్‌బోర్డ్ మీది నంబర్‌తో కలవకపోతే ఆ బండి దగ్గర నిలబడకండి. విన్ మార్చడం ఫెడరల్ నేరం, రేపు పోలీసులు బండి పట్టుకుపోతే పోయేది మన డబ్బే. నా కేసులో అది కలిసింది, కాబట్టి దొంగ బండి కాదు, మామూలు కమారోకి వేషం వేశారు. పుట్టీ సంగతి మామూలే, వెనక చక్రాల పైన అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఈ టెన్షన్ అంతా వద్దనుకుంటే వేరే కంపెనీల బండ్లు కొంచెం నయం. 1969 బాస్ 302 మస్టాంగ్‌కి విన్‌లోనే జీ అనే ఇంజిన్ కోడ్ ఉంటుంది, పైగా 1967 నుంచి ఫోర్డ్ రికార్డుల ఆధారంగా, బండి ఎలా తయారై వెళ్లిందో చెప్పే మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. పాంటియాక్‌కి అలాంటి రికార్డులే ఇచ్చే పీహెచ్‌ఎస్ ఉంది. క్రైస్లర్ బండ్లలో విన్ ఐదో అక్షరమే ఇంజిన్ చెబుతుంది, 1969 బండిలో జే ఉంటే 426 హెమీ అనే పెద్ద ఇంజిన్.

అడ్వాన్స్ తప్పదంటే క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి. వైర్ పంపితే వెనక్కి లాగడం దాదాపు అసాధ్యం, నాకు జరిగింది అదే. తనిఖీలో తేడా వస్తే డబ్బు తిరిగి ఇస్తామని ముందే రాయించుకోండి. బిల్ ఆఫ్ సేల్‌లో ప్రకటనలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టమనండి, పెట్టనంటే అక్కడితో ఆపేయండి.

ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో కంప్లైంట్ పెట్టాను, చూడాలి. బండి మళ్లీ అమ్మకానికి వచ్చింది. ఈసారి ప్రకటనలో రేసు ముచ్చట తీసేశారు, డోర్ మీద అంకె కూడా లేదు. "నంబర్స్ మ్యాచింగ్" మాత్రం అలాగే ఉంచారు. నీలం బండి, తెల్ల పట్టీలు, ట్యాగ్ మీద 03బి, బ్లాక్ వెనక డి 18 9. మీకు ఎదురైతే అది ఇదే.