ఇంటి లోన్‌కి గవర్నమెంటు సబ్సిడీ ఇప్పిస్తామని తిరిగే ఏజెంటుతో జాగ్రత్త

కోనసీమలో, ముఖ్యంగా ముమ్మిడివరం, పి.గన్నవరం వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఇది చదవండి. పేరు రాయను. కొబ్బరితోటల మధ్య సగం లేచిన గోడ కనబడితే చాలు బండి ఆపే మనిషి, మీలో చాలామందికి తెలిసే ఉంటాడు.

మాది గ్రామకంఠం స్థలం, అంటే ఊరి నివాస భూమి. లింకు డాక్యుమెంట్లు, అదే స్థలం చేతులు మారిన పాత పత్రాలు, లేవని బ్యాంకు వాళ్ళు లోన్ ఇవ్వలేదు. అమ్మ కువైట్‌లో వంటపని చేసి పంపిన డబ్బేమో పునాది ఎత్తు చేయడానికే అయిపోయింది, మా వైపు వరద సంగతి తెలిసిందే కదా. సరిగ్గా అప్పుడు వచ్చాడు. "బాబాయ్ గారూ, ఇది ప్రధానమంత్రి ఆవాస్ లోనండి, 2 లక్షల 67 వేలు సబ్సిడీ నేరుగా మీ లోన్ ఖాతాలో పడిపోద్దండి" అని ప్రధాని బొమ్మున్న కాగితం చూపించాడు. ఫైలు ఖర్చులని 15 వేలు, రసీదు లేకుండా, వాళ్ళావిడ నంబరుకి ఫోన్‌పే చేయించుకున్నాడు.

తీరా మొదటి విడత పడ్డాక చూస్తే మామూలు ప్రైవేటు ఫైనాన్స్ లోన్. వడ్డీ 14 శాతం, ఇన్సూరెన్స్ అని 38 వేలు ముందే కోసేసుకున్నారు. సబ్సిడీ మాట ఏ కాగితంలోనూ లేదు. ఎలా ఉంటుంది, ఆ 2.67 లక్షల పథకం పట్టణాలకి పెట్టింది, అదీ 2022 మార్చి 31తోనే ముగిసిపోయింది! 2024లో వచ్చిన కొత్తదాంట్లో అయినా గరిష్ఠంగా 1.80 లక్షలే, అది కూడా పట్టణ ప్రాంతాలకే, ఐదు విడతల్లో.

నాన్నని తీసుకుని అమలాపురంలో వాళ్ళ ఆఫీసుకెళ్ళాను. నాన్న ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు ఒక్కోటీ తీసి టేబుల్ మీద పరిచి, "బాబూ, సబ్సిడీ ఎక్కడ రాశారో కాస్త చూపించండి" అన్నారు. వాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా "సంతకం నీదేనా కాదా, అది చెప్పు పెద్దాయనా" అన్నాడు. మా అరుగు మీద కూర్చుని కొబ్బరినీళ్ళు తాగి బాబాయ్ గారూ అన్న నోటితోనే. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. నాన్న మారుమాట లేకుండా కాగితాలు మళ్ళీ కవర్లో పెట్టుకున్నారు. డబ్బు పోవడం కంటే నాకు అదే మండుతోంది, ఇప్పటికీ.

ఆ కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నాన్న తెలుగు తప్ప చదవరు. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ఏ లోన్‌కైనా వడ్డీ, ఇన్సూరెన్సు, ఖర్చులన్నీ కలిపి ఒక్కచోట రాసిన పత్రం, తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. అది తెలుగులో చేతికి వచ్చేదాకా సంతకం పెట్టకండి.

ఊళ్ళలో ఇళ్ళకి కేంద్రం ఇచ్చేది గ్రామీణ ఆవాస్. మన మైదాన ప్రాంతాల్లో కేంద్రం పెట్టిన లెక్క 1.20 లక్షలు, కట్టుబడి ఫోటోలు ఎక్కించిన కొద్దీ విడతలుగా సొంత ఖాతాలోనే పడుతుంది. దానికి ఏ ఏజెంటూ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు, మీ గ్రామ సచివాలయంలో అడగండి. మీ లోన్ వడ్డీ ఫ్లోటింగ్, అంటే మార్కెట్టుని బట్టి మారేది అయితే వేరే బ్యాంకుకి మార్చుకున్నా పెనాల్టీ వేయకూడదు, మేం ఇప్పుడు ఆ ప్రయత్నంలోనే ఉన్నాం.

ఇంటి లోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు చూసే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకి ఫిర్యాదు పెట్టాం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ జతచేసి. మీ దగ్గరా ఇలాగే తీసుకుని ఉంటే మీరూ పెట్టండి, ఒక్కరమే అయితే పక్కన పడేస్తారు.