ఒక్కో ఫైబర్ లెక్కా, మొత్తం బెడ్ లెక్కా: ఏది మేలు?

అనంతపురం పక్కన బుడ్డల గోడౌన్‌కి 20 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో స్టీల్ ఫైబర్ కాంక్రీటు (సన్నని ఉక్కు తీగ ముక్కలు కలిపిన కాంక్రీటు) బెడ్ పోయాలనుకుందాం. లోడు లారీ ఎక్కితే అది తట్టుకుంటుందో లేదో కంప్యూటర్‌లో ముందే చూసుకోవాలి. ఎం.టెక్ పిల్లలు ఇక్కడే తడబడతారు. ఒక్కో ఫైబర్‌నీ విడిగా పెట్టి, పగులు దగ్గర అది ఎలా ఊడివస్తుందో లెక్కగట్టాలా? లేక మొత్తాన్నీ ఒకే పదార్థమనుకుని, పగులు ఎంత తెరుచుకుంటే ఎంత బలం మిగులుతుందో ఒక్క గ్రాఫ్‌తో సరిపెట్టాలా?

ఘనపు మీటరు కాంక్రీటుకు 40 కిలోల ఫైబర్లు వేద్దాం. 60 మి.మీ. పొడవు, 0.75 మి.మీ. మందం ఉన్న ఫైబర్ 0.21 గ్రాములు తూగుతుంది. అంటే ఘనపు మీటరుకు సుమారు 1,92,000. బెడ్ మొత్తం 60 ఘనపు మీటర్లు, కోటి 15 లక్షల ఫైబర్లు! డిజైన్ ఆఫీసు కంప్యూటర్‌తో అయ్యే పని కాదు. బెడ్ వరకు నేను గ్రాఫ్‌నే ఎంచుకుంటాను.

ఆ గ్రాఫ్ ఈఎన్ 14651 అనే యూరప్ ప్రమాణం చెప్పే బీమ్ పరీక్ష నుంచి వస్తుంది. 150 మి.మీ. చదరపు బీమ్‌కి అడుగున 25 మి.మీ. గాటు పెట్టి వంచుతారు. గాటు పైన మిగిలిన భాగంలో పగులుకు అడ్డంగా ఉండే ఫైబర్లు, అన్ని దిక్కులకూ సమంగా చెదిరితే, సగటున సుమారు 110 ఉంటాయి. అందులో పది అటూ ఇటూ అయినా బలం మారిపోతుంది. ఒకే మిక్సర్ కాంక్రీటుతో పోసిన బీమ్‌లు కూడా వేర్వేరు ఫలితాలిచ్చేది అందుకే. దయచేసి ఒక్క బీమ్‌ని నమ్మి డిజైన్ చేయకండి.

పైగా పలుచని బెడ్‌లో పొడవాటి ఫైబర్లు పడుకుంటాయి. అన్ని దిక్కులకూ చెదిరితే పగులును దాటే వంతు 0.5, పూర్తిగా పడుకుంటే 0.64. ఈ తేడా గ్రాఫ్‌కి తెలియదు. కొక్కెం ఉన్న ఫైబర్ బదులు నిటారు ఫైబర్ వేసినా దానికి తెలియదు, కొత్త బీమ్‌లు పోసుకోవాల్సిందే. ఒక్కో ఫైబర్ లెక్క విలువ ఇక్కడ తెలుస్తుంది. 550 మి.మీ. పొడవు బీమ్ మొత్తంలో ఉండేవి 2,400 లోపే కాబట్టి, అది చేయగలిగిన లెక్కే. అక్కడ ఫైబర్ల దిశ మార్చి గ్రాఫ్‌లు తీసి, వాటిని బెడ్ లెక్కకు అందించండి.

పరీక్ష అయ్యాక బీమ్‌ని పూర్తిగా విరిచి, రెండు ముక్కల మీదా పొడుచుకొచ్చిన ఫైబర్లు లెక్కపెట్టండి. ఆ అంకె మీ మోడల్‌లోని అంకెతో కలవకపోతే, బెడ్ జోలికి ఇంకా వెళ్లొద్దు.