రేస్‌కోర్సులో ఎక్కడ నిలబడాలి? మలక్‌పేట నుంచి మహాలక్ష్మి దాకా

ఫలానా గుర్రప్పందేల కోర్సు ఎలా ఉందని అడిగితే చాలామంది స్టాండు గురించి, పచ్చిక గురించి, సమోసాల గురించి చెబుతారు. నేను ముందు చూసేది ఒక్కటే: మామూలు టికెట్టు కొన్న మనిషి విన్నింగ్ పోస్టుకు (రేసు ముగిసే గీతకు) ఎంత సూటిగా నిలబడగలడు? హైదరాబాద్ మలక్‌పేట, బెంగళూరు, మైసూరు, పుణె, ముంబయి మహాలక్ష్మి, అన్నింటినీ ముందు ఈ ప్రశ్నతోనే తూకం వేస్తాను. చాదస్తం అనుకున్నా సరే. గెలిచిన టికెట్టును తమ చేత్తోనే చింపుకునేవాళ్లు ప్రతి రేసు రోజూ కనిపిస్తారు. దాదాపు అందరూ పోస్టుకు అటో ఇటో పక్కగా నిలబడినవాళ్లే.

సంగతి ఏమిటంటే, కన్ను మోసపోయేది వేగం వల్ల కాదు, వాలు చూపు వల్ల. మీరు పోస్టుకు 20 మీటర్లు ఇవతల, అంటే గుర్రాలు ఇంకా పోస్టు చేరని వైపు నిలబడ్డారనుకోండి. బయటివైపు పరుగెత్తే గుర్రం మీకు అడ్డంగా 20 మీటర్ల దూరంలో, లోపలి రెయిల్ (ట్రాకు లోపలి అంచు కంచె) పక్క గుర్రం 25 మీటర్ల దూరంలో ఉన్నాయి. రెండూ ఒకేసారి పోస్టు తాకాయి. మీ కంటి నుంచి బయటి గుర్రం ముక్కు మీదుగా ఒక తాడు లాగి చూడండి. అది లోపలి రెయిల్ వరసకు చేరేసరికి పోస్టు దాటి 5 మీటర్లు ముందుకు పోతుంది. అంటే నిజంలో సమానంగా ఉన్న లోపలి గుర్రం మీ కంటికి రెండు లెంగ్తులు (రెండు గుర్రాల పొడవు) వెనకబడినట్టు. అలవాటైన కన్ను ఇందులో చాలాభాగం సరిదిద్దుకుంటుంది. తల తేడా, ముక్కు తేడా దగ్గరికి వచ్చేసరికి ఏ అలవాటూ పనికిరాదు.

గుర్తు పెట్టుకోవడం తేలికే. పోస్టుకు ఇవతల ఉంటే మీకు దగ్గరగా వచ్చే బయటి గుర్రం గెలిచినట్టు కనిపిస్తుంది. పోస్టు దాటిన వైపు ఉంటే లోపలి రెయిల్ గుర్రం గెలిచినట్టు కనిపిస్తుంది. పక్కనున్నవాళ్లు ఏ నంబరు అరుస్తున్నారో వినే ముందు వాళ్లు పోస్టుకు ఏ వైపు నిలబడ్డారో చూడండి. రెండు గుంపులు రెండు నంబర్లు అరుస్తుంటే ఇద్దరూ నిజాయితీగానే అరుస్తున్నట్టు.

ఫోటో ఫినిష్ కెమెరాకు ఈ ఇబ్బంది లేదు. అది మనం తీసే ఫోటోలాంటిది కాదు. పోస్టు గీత మీద ఒక సన్నటి చీలిక గుండా మాత్రమే చూస్తూ, ఆ గీత దాటే ప్రతిదాన్నీ ఒకదాని పక్కన ఒకటి నిలువు చారలుగా పేర్చుకుంటూ పోతుంది. అందుకే ఆ బొమ్మలో కాళ్లు వంకరగా, మెడలు సాగదీసినట్టు ఉంటాయి. బొమ్మలో ఎడమ నుంచి కుడికి ఉన్నది దూరం కాదు, కాలం. ముక్కు కొస మీద నిలువు గీత గీసి చూస్తారు. చాలాచోట్ల పోస్టు దగ్గర ట్రాకుకు అవతల ఒక అద్దం కూడా ఉంటుంది. బయటి గుర్రం చాటున లోపలి గుర్రం ముక్కు దాగితే అద్దంలో దొరుకుతుంది.

ఫోటో వచ్చాక కూడా టికెట్టు చింపకూడదు. జాకీ జీను, సామానుతో సహా మళ్లీ తూకం ఎక్కాలి. మోయాల్సిన బరువు తగ్గితే ఆ గుర్రాన్ని ఫలితం నుంచి తీసేస్తారు. ఓడిన గుర్రం తరఫున అబ్జెక్షన్ పడొచ్చు. స్ట్రెయిట్‌లో (పోస్టుకు ముందున్న చివరి తిన్నని దారిలో) అడ్డం వచ్చాడనో, తోశాడనో స్టీవార్డులనే రేసు అధికారులే విచారణ పిలవొచ్చు. ఇవన్నీ తేలి ‘ఆల్ క్లియర్’ పడేదాకా టోట్ (క్లబ్బు పందేల) కిటికీ ఒక్క రూపాయి ఇవ్వదు. మొదటి మూడు స్థానాలూ తారుమారైతే ప్లేస్, ఎస్‌హెచ్‌పీ (గుర్రం రెండో స్థానంలో వస్తుందని కట్టేది), క్వినెల్లా, ఫోర్‌కాస్ట్ లాంటి పందేలన్నీ మారతాయి. రెండో గుర్రం మీద ఎస్‌హెచ్‌పీ కట్టి, అది మొదట వచ్చిందనుకొని కాగితం నలిపేసేవాడిది మరీ జాలి పడాల్సిన పరిస్థితి. కింద పడ్డ కాగితాల్ని ఏరి చూసుకునే మనుషులు ప్రతి కోర్సులోనూ ఉంటారు. వాళ్లకు ఈ లెక్కలన్నీ తెలుసు.

వానాకాలంలో ఈ తికమక రెట్టింపు అవుతుంది. మలక్‌పేట, పుణె, మైసూరు సీజన్ల గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క అరుదుగా చెబుతారు. సీజన్ మొదట్లో అందరూ లోపలి రెయిల్ కోసమే కొట్టుకుంటారు, దూరం తక్కువ కాబట్టి. వారాలు గడిచేకొద్దీ ఆ లోపలి పట్టీ డెక్కల కింద తవ్వుకుపోతుంది. దాన్ని కాపాడ్డానికి ఫాల్స్ రెయిల్, అంటే తాత్కాలిక కంచె, కట్టి, రెండు మూడు మీటర్ల నుంచి ఏడెనిమిది మీటర్ల దాకా ట్రాకును బయటికి జరుపుతారు. అప్పటికీ గట్టి వాన పడితే జాకీలు స్ట్రెయిట్‌లోకి తిరగ్గానే గట్టి నేల వెతుక్కుంటూ విసనకర్రలా విచ్చుకుంటారు. ఒకడు రెయిల్ పక్కన, ఇంకొకడు స్టాండ్ల వైపు, మధ్యలో 15 మీటర్ల ఖాళీ. పైన చెప్పిన లెక్కలో 5 మీటర్ల ఎడానికే రెండు లెంగ్తుల మోసం వచ్చింది. ఇప్పుడు వేసి చూడండి. అలాంటి రోజు పోస్టుకు సూటిగా చోటు దొరక్కపోతే, ఫలితం బోర్డు మీద పడేదాకా నోరు మూసుకోవడమే.

రేసు రోజు ఉదయం క్లబ్బులు పెనెట్రోమీటర్ అంకె ప్రకటిస్తాయి. బరువు జారవిడిచి ఒక కడ్డీని నేలలోకి దింపి, అది ఎంత లోతు దిగిందో చూస్తారు. అంకె పెరిగేకొద్దీ నేల మెత్తన. 3 దగ్గర ఉన్నది మధ్యాహ్నం వానకు ఎక్కడికో పోతుంది, కానీ చేతిలోని రేస్ బుక్కులో పాత అంకే ఉంటుంది. వాన పడిన రోజు మొదటి రెండు రేసులూ డబ్బు కట్టకుండా చూడండి. గెలిచినవి ఎటు నుంచి వచ్చాయి, రెయిల్ పక్క నుంచా, బయటి నుంచా? అది తేలాక మూడో రేసు నుంచి మీ ఇష్టం.

ఇక మలక్‌పేట. నా ఓటు దీనికే. ముఖ్య కారణం, కోర్సు చేరడానికి పడే శ్రమ దాదాపు లేకపోవడం. మియాపూర్ - ఎల్బీనగర్ మెట్రోలో మలక్‌పేట స్టేషన్ దిగితే సరిపోతుంది, ఎంఎంటీఎస్ స్టేషన్ కూడా అక్కడే. కారు తేవాల్సిన పని లేదు. వానాకాలం సీజన్ ఒకటి, చలికాలం సీజన్ ఒకటి. ఆరో నిజాం కాలంలో 1886లో మౌలాలీ నుంచి ఇక్కడికి వచ్చిన రేసులు మధ్యలో ఆగి, హైదరాబాద్ రేస్ క్లబ్ పుట్టాక 1968లో మళ్లీ ఇక్కడే మొదలయ్యాయి. ఆనవాయితీగా అక్టోబర్ 2న జరిగే దక్కన్ డెర్బీ, 2000 మీటర్లు, ఇక్కడి పెద్ద పండగ. ఆ రోజు పోస్టు ఎదుట చోటు కావాలంటే డెర్బీకి రెండు రేసుల ముందే వెళ్లి రెయిల్ పట్టుకోవాలి. అలా పట్టుకుంటే ప్యాడక్, అంటే రేసుకు ముందు గుర్రాలను తిప్పి చూపించే చోటు, వదులుకోవాల్సిందే. రెండూ కావాలంటే కుదరదు.

ప్యాడక్ వదులుకోవడం చిన్న నష్టమేమీ కాదు. రేసుకూ రేసుకూ మధ్య అరగంట. అందులో గుర్రాలను సాయిస్‌లు (గుర్రాల కాపర్లు) తిప్పేది పది పదిహేను నిమిషాలు. మెరిసే చర్మం అందరికీ కనిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. వెనక డెక్క ఎక్కడ పడుతోందో చూడండి. ముందు డెక్క వదిలిన అచ్చును దాటి ఒక జానెడు ముందుకు పడితే నడుము వదులుగా, హాయిగా ఉన్నట్టు. అచ్చు మీదే పడుతున్నా, దానికి వెనకే ఆగిపోతున్నా బిగుసుకున్నట్టు. వెనక కాళ్ల మధ్య సబ్బు నురగలా తెల్లగా కడితే సగం రేసు అక్కడే పరుగెత్తేసినట్టు. మండుటెండలో మెడ మీద చెమట మాత్రం పెద్దగా లెక్కలోకి రాదు. చెవులు వెనక్కి అంటుకొని తోక అదేపనిగా కొట్టుకుంటుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మలక్‌పేట చేరడం సులువన్నాను. ఒక మెలిక ఉంది. గేటు తెరిచి ఉన్న ప్రతి రోజూ గుర్రాలు ఉండవు. వేసవిలోనూ, సీజన్ మధ్య ఖాళీ రోజుల్లోనూ బెంగళూరు, ముంబయి రేసుల్ని తెర మీద చూపించి పందేలు తీసుకుంటారు. ఊరి నుంచి చుట్టాల్ని గుర్రాలు చూపిస్తానని తీసుకెళ్లి టీవీ చూపించి తీసుకొచ్చే ప్రమాదం ఉంది. ‘ఈ రోజు రేసులున్నాయా’ అని అడిగితే ఉన్నాయనే అంటారు. ‘ట్రాకు మీద ఉన్నాయా’ అని అడగాలి. పోస్టుకు సూటిగా నిలబడమన్న నా సలహాకూ హద్దు ఉంది. ఎక్కడైనా సరే పోస్టు గీత మీద సరైన చోటు సాధారణంగా సభ్యుల స్టాండుదే. మామూలు టికెట్టుకు దొరికేది దాని పక్క చోటు. ఆ పక్క అనేది పది మీటర్లా, వంద మీటర్లా అన్నదే తేడా.

బెంగళూరు ట్రాకు చదునుగా ఉండదు, ఎక్కుడూ దిగుడూ ఉంటాయి. గుర్రాలు దిగుడులో ఊపందుకొని స్ట్రెయిట్‌లోకి తిరిగే దృశ్యం కోసం పోస్టును కాస్త వదిలేసినా నష్టం లేదనిపించే కోర్సు ఇది ఒక్కటే. మెజెస్టిక్ నుంచి దగ్గర. రాయలసీమవాళ్లకు, ముఖ్యంగా అనంతపురం వైపువాళ్లకు, హైదరాబాద్ కంటే ఇదే సులువు. ఆంధ్రప్రదేశ్‌లో కోర్సే లేదు కాబట్టి ఎటు తిరిగీ సరిహద్దు దాటక తప్పదు. మైసూరు కళ్లకు విందు, వెనక చాముండి కొండ, మధ్యలో గోల్ఫ్ మైదానం. దసరా రోజులకు కలుపుకొని వెళితే బాగుంటుంది, గది మాత్రం నెలల ముందే పట్టుకోవాలి. పుణె జులై నుంచి అక్టోబర్ దాకా, అంతా వాన సరుకు, విసనకర్ర రేసులు చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

మహాలక్ష్మిని ఇదివరకు అన్నింటికంటే పైన పెట్టేవాణ్ని. 1883 నాటి కోర్సు, ఆ పాత స్టాండ్లు, ఫిబ్రవరి మొదటి ఆదివారం ఇండియన్ డెర్బీ, ఇవేవీ తగ్గలేదు. ఒక చుట్టు దాదాపు 2400 మీటర్లు. డెర్బీ దూరం కూడా అంతే కావడంతో గుర్రాలు గేట్లోంచి దూకడమూ, పోస్టు తాకడమూ స్టాండ్ల ముందే చూడొచ్చు. కానీ డెర్బీ రోజు జనంలో పోస్టుకు సూటిగా వెళ్లడం అసాధ్యం. ఆ ఒక్క రోజుకని వెళితే ఫలితం తెర మీద చూసి రావడమే. మామూలు ఆదివారం, నవంబర్ - ఏప్రిల్ మధ్య ఎప్పుడైనా, అదే కోర్సు రాజాలా ఉంటుంది. ఊటీ, చెన్నై గిండీ కోర్సులు రెండింటికీ 2024 నుంచి తమిళనాడు ప్రభుత్వంతో భూమి తగాదా నడిచింది. కనుక్కోకుండా టికెట్లు కొనొద్దు.

డబ్బు కట్టే ఉద్దేశం ఉంటే ఇంకో లెక్క. పందెం పూర్తి మొత్తం మీద ఇదివరకు 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. లాభం మీద కాదు, కట్టిన మొత్తం మీద. ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువమంది నమ్మే గుర్రం) మీద గెలుపు పందెం కట్టి చిన్న లాభం తీసుకునే పాత పద్ధతి దీంతో ఎక్కడా గిట్టుబాటు కాదు, కోర్సు ఏదైనా సరే. అందుకే ఈ మధ్య నా ఓటులో పందెం పాలు తగ్గి చూపు పాలు పెరిగింది. హైదరాబాద్‌లో ఇల్లు, ఆదివారం లేదా సోమవారం మధ్యాహ్నం ఖాళీ, పదే పదే వెళ్లగలిగే వీలు ఉన్నాయి కాబట్టే మలక్‌పేట మొదటిదంటున్నాను. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాళ్లయితే మైసూరు అనే చెబుతాను. ఎక్కడికెళ్లినా 8 రెట్ల బైనాక్యులర్ చాలు. 10 రెట్లదైతే చేతిలో వణికి, అవతలి మలుపులో జాకీ టోపీ రంగు కూడా తేలదు.