డే కేర్‌లో ఏడాది, మాంటిస్సోరిలో మూడేళ్లు: మా పాపతో మా అనుభవం

మా పాప ఏడాదిన్నర నుంచి రెండున్నర దాకా హైదరాబాద్ నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోని డే కేర్‌లో ఉంది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా మాంటిస్సోరిలో, అంటే పిల్లలు తమకి నచ్చిన సామానుతో చేతులతో చేస్తూ నేర్చుకునే బడిలో చదివి, ఆరు నిండాక ఒకటో తరగతిలో చేరింది. ఇప్పుడు రెండో తరగతి. చిన్నవాడు అదే డే కేర్‌కి వెళ్తున్నాడు. ఏది మంచిదని ఆఫీసులో కొత్తగా తల్లులైనవాళ్లు తరచూ అడుగుతుంటారు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాంటిస్సోరిలో వేస్తే చివరిదైన మూడో ఏడాది దాకా ఉంచాలనే నిర్ణయంతో వేయండి. రెండేళ్లు చదివించి, పెద్ద స్కూల్లో సీటు దొరకదేమోనని యూకేజీకి మార్చేసే ఆలోచన ఉంటే ఆ డబ్బు మంచి డే కేర్‌కి పెట్టడమే నయం.

రెండేళ్లలోపు పిల్లలకి డే కేర్‌కి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. ఆ వయసులో పిల్లకి కావాల్సింది ఎత్తుకునే చేతులు, వేళకి అన్నం, నిద్ర. మా ఆయమ్మ పప్పన్నం మెత్తగా కలిపి, పాప నోరు తెరిచేదాకా ఓపిగ్గా కూర్చునేది. పాప ఆమెని అమ్మమ్మ అనే పిలిచేది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాత్రి ఏడు దాటాక వెళ్లినా పాప స్నానం చేసి, తిని, ఆడుకుంటూ కనిపించేది. డే కేర్ చూడ్డానికి వెళ్తే గోడల మీద బొమ్మలకన్నా ఆయమ్మలు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో అడగండి. నెలనెలా మనుషులు మారిపోయే చోట పిల్లలు కుదురుకోలేరు. ఇంకో మాట. యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం) సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో నియమం వచ్చింది. మా ఆఫీసు ఫీజులో కొంత భరిస్తుందని నేను హెచ్‌ఆర్‌ని అడిగాకే తెలిసింది. మీరూ అడగండి.

రెండున్నర దాటాక అదే డే కేర్ పాపకి చాలలేదు. ఉదయమంతా టీవీలో రైమ్స్, రంగులు వేసే కాగితాలు, అందరూ ఒకేసారి చేసే పనులు. తను చేతులతో ఏదో ఒకటి విప్పాలని, పోయాలని, సర్దాలని చూసేది. అక్కడ పోస్తే ఒలికిపోతుందని ఆపేవాళ్లు. పదిహేను మంది పసివాళ్లతో వాళ్ల ఇబ్బంది వాళ్లది.

మాంటిస్సోరి గదిలో రెండున్నర నుంచి ఆరేళ్ల దాకా పిల్లలంతా కలిసే ఉంటారు. ఉదయం దాదాపు మూడు గంటలు గంట కొట్టడం, పీరియడ్ మారడం ఉండవు. చాప పరుచుకుని, అరలోంచి తనకి నచ్చిన సామాను తెచ్చుకుని, అయ్యాక తిరిగి అక్కడే పెట్టాలి. పింక్ టవర్ అంటే పది చెక్క ఘనాలు, ఒక సెంటీమీటర్ నుంచి పది సెంటీమీటర్ల దాకా. గదికంతా ఒక్కటే సెట్టు. వేరే పిల్ల వాడుతుంటే అయ్యేదాకా ఆగాల్సిందే. ఆ ఆగడం ఇంట్లో ఎంత చెప్పినా పాపకి రాలేదు, అక్కడ వచ్చింది. పిడి ఉన్న సిలిండర్లని గుంటల్లో పెట్టేటప్పుడు ఒకటి తప్పుగా పెడితే చివర్లో ఒకటి మిగిలిపోతుంది. తప్పైందని ఆంటీ (అక్కడి టీచర్) చెప్పక్కర్లేదు, పిల్లే చూసుకుని మళ్లీ మొదలుపెడుతుంది.

మొదటి ఏడాది తల్లిదండ్రులకి చాలా కష్టం. నోట్‌బుక్ లేదు, హోంవర్క్ లేదు. పక్కింటి పిల్లాడు ఏబీసీడీలన్నీ రాస్తున్నాడని మా అత్తయ్య దిగులుపడేవారు. పాప మాత్రం గ్లాసులోకి నీళ్లు పోయడం, గుండీలు పెట్టుకోవడం, చెప్పులు వరుసగా పెట్టడం నేర్చుకుంది. రెండో ఏడాది గరుకు కాగితం అక్షరాలు వచ్చాయి. రెండు వేళ్లతో అక్షరం మీద రుద్దుతూ దాని శబ్దం పలకాలి. మా బడి ఆంటీ తెలుగు అక్షరాలు కూడా అట్టల మీద స్వయంగా కత్తిరించి అంటించారు. గుండ్రంగా తిరిగే మన అక్షరాలకి ఈ పద్ధతి ఎంత బాగా సరిపోయిందో చెప్పలేను. పెన్సిల్ పట్టకముందే ‘అ’ మలుపు పాప వేలికి వచ్చేసింది.

అసలు ఫలితం మూడో ఏడాదిలో కనిపించింది. బంగారు పూసలతో నాలుగంకెల కూడికలు చేశారు. విడి పూసలు పదైతే ‘బ్యాంకు’కి, అంటే పూసలన్నీ ఉంచే చోటికి తీసుకెళ్లి పది పూసల కడ్డీగా మార్చుకోవాలి. పది కడ్డీలైతే వంద పలక, పది పలకలైతే వెయ్యి ఘనం. స్కూల్లో కూడికలో పదిని పక్క స్థానంలోకి వేసుకోవడం నేర్పినప్పుడు పాప అది చేత్తో చేసిన పనే అని గుర్తుపట్టింది. అదే ఏడాది చిన్నపిల్లలకి చాప చుట్టడం, సామాను చూపించడం తన వంతైంది. మొదటి రెండేళ్లు పెద్దపిల్లల దగ్గర నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు నేర్పే స్థానంలోకి వచ్చింది. చాలామంది సరిగ్గా ఇక్కడే పిల్లల్ని తీసేస్తున్నారు. పాప బ్యాచ్‌లో సగం మంది యూకేజీకి వెళ్లిపోయారు. ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది కాబట్టి లెక్క ప్రకారం మాంటిస్సోరి పూర్తి చేసి నేరుగా చేరొచ్చు. కానీ చాలా స్కూళ్లలో ఒకటో తరగతికి మిగిలే సీట్లు తక్కువ. ఆ వేసవంతా మాకు టెన్షనే.

బోర్డు చూసి మోసపోవద్దు. మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మేం చూసిన ఒకచోట సామానంతా అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది, పిల్లలు వయసుల వారీగా వేరువేరు గదుల్లో వర్క్‌షీట్లు చేస్తున్నారు. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయారు. ఆ శిక్షణ మన దక్షిణాదికి కొత్త కాదు, నేర్చుకున్న టీచర్లు దొరుకుతారు. మీ టీచర్ ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారో మొహమాటం లేకుండా అడగండి.

లోటు లేకపోలేదు. బడి పన్నెండున్నరకే అయిపోతుంది. అత్తయ్య ఇంట్లో లేకపోతే మాకు కుదిరేదే కాదు. ఫీజు డే కేర్‌కి దాదాపు రెట్టింపు. డే కేర్‌లో భోగిపళ్లు పోశారు, బతుకమ్మ ఆడించారు. మాంటిస్సోరిలో పాటలు, వేషాలు, కల్పించుకుని ఆడే ఆటలు తక్కువ. పాపకి అవి ఇంట్లో మేమే చూసుకోవాల్సి వచ్చింది. ఒకటో తరగతిలో బోర్డు మీద చూసి త్వరగా రాసుకోవడం, బెల్ కొట్టగానే చేస్తున్న పని వదిలేయడం దసరా సెలవుల దాకా అలవాటు కాలేదు. చదవడంలో, లెక్కల్లో మాత్రం ఇబ్బంది రాలేదు.

చిన్నవాడికి త్వరలో రెండున్నర నిండుతుంది. జూన్‌లో వాణ్ణీ అదే మాంటిస్సోరిలో చేరుస్తున్నాం. ఈసారి అత్తయ్య మోకాళ్ల నొప్పుల వల్ల ఊళ్లోనే ఉంటున్నారు కాబట్టి, పన్నెండున్నరకి డే కేర్ వ్యాన్ వచ్చి తీసుకెళ్తుంది. అన్నం, నిద్ర ఆయమ్మ దగ్గరే. రెండు ఫీజులూ కలిపితే భారమే. అయినా వాడికి ఆరు నిండేదాకా ఇలాగే నడపాలని మేమిద్దరం అనుకున్నాం.